డిస్కస్ పిల్లల్లో ఒకటి పెరుగుతుంది, ఒకటి ఆగిపోతుంది: అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో ఇంట్లోనే డిస్కస్ అనే అక్వేరియం చేపల పిల్లల్ని పెంచి ఇస్తుంటాను. తీసుకెళ్లినవాళ్ల నుంచి రెండు మూడు నెలలకు వచ్చే ఫోటోలు చాలావరకు ఒకేలా ఉంటాయి. నాలుగు చేపలు గుండ్రంగా, బలంగా కనిపిస్తాయి, ఒకటో రెండో మాత్రం తెచ్చిన రోజు ఎంత ఉన్నాయో అంతే ఉంటాయి. "అన్నా, దీనికేమైనా రోగమా?" అని అడుగుతారు. చాలాసార్లు రోగం కాదు, దానికి తిండి అందడం లేదు.

అపోహ: ఒకే ఈడు పిల్లలు ఒకే సైజులో పెరగాలి.

పెరగవు. డిస్కస్ పిల్లలు ఈత మొదలుపెట్టగానే తల్లిదండ్రుల ఒంటి మీద ఊరే జిగురు పొరను తిని బతుకుతాయి. ఆ దశలోనే కొన్నింటికి ఎక్కువ, కొన్నింటికి తక్కువ అందుతుంది, పుట్టుకతో వచ్చే తేడా ఎలాగూ ఉంటుంది. ఇంతవరకు మామూలే. ఆ చిన్న తేడాను పెద్దది చేసేది మన ట్యాంకు. ఇవి సిక్లిడ్ కుటుంబం చేపలు, గుంపులో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అనే లెక్క గట్టిగా ఉంటుంది.

ఈసారి మేత వేశాక వెంటనే లేచి వెళ్లిపోకుండా, కాస్త దూరంగా కూర్చుని పది నిమిషాలు చూడండి. పెద్దది మేత పడిన చోటే నిలబడి, దగ్గరకొచ్చిన ప్రతిదానికీ ఒళ్లు అడ్డంగా తిప్పి చూపిస్తుంది, కొరకాల్సిన పని కూడా ఉండదు. చిన్నది హీటర్ వెనకో స్పాంజ్ ఫిల్టర్ పక్కనో రంగు నల్లబడి నిలబడి ఉంటుంది. మిగతావన్నీ తిని పక్కకు జరిగాక వచ్చి, అడుగున మిగిలిన తునకను నోట్లో పెట్టుకుని ఉమ్మేసి, మళ్లీ పెట్టుకుంటుంది. రోజూ ప్రతి పూటా ఇదే జరుగుతుంటే అది ఎలా పెరుగుతుంది?

అపోహ: ఇప్పుడు చిన్నగా ఉన్నా తర్వాత అదే అందుకుంటుంది.

ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది. భీమవరం, కైకలూరు వైపు చెరువుల రైతులు శీలావతి, బొచ్చె పిల్లల్ని కిక్కిరిసిన చెరువులో తక్కువ మేతతో కావాలనే చిన్నగా ఉంచుతారు, తర్వాత పెద్ద చెరువులో వదిలితే అవి వేగంగా పుంజుకుంటాయి. అది నిజమే. కానీ డిస్కస్‌కు ఆ లెక్క పనికిరాదు. దాని పెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి ఏడాదిలోనే అయిపోతుంది, మంచి పోషణ ఉంటే ఏడాది తిరిగేసరికి అయిదు అంగుళాలు దాటుతుంది. రెండు మూడు వారాలు వెనకబడిన పిల్ల కోలుకుంటుంది, నెలల తరబడి వెనకబడినది పూర్తిగా కోలుకోదు.

ఎలా గుర్తుపట్టాలి? పొడవు కాదు, ఒంటికీ కంటికీ ఉన్న పొంతన చూడండి. శరీరం ఆగిపోయినా కన్ను పెరుగుతూనే ఉంటుంది, అందుకే గిడసబారిన చేపకు కన్ను పెద్దగా, ఒళ్లు గుండ్రంగా కాకుండా కోలగా కనిపిస్తుంది. సైజు చిన్నదైనా ఒళ్లు గుండ్రంగా, కన్ను చిన్నగా ఉంటే టెన్షన్ పడక్కర్లేదు, అది వయసులో చిన్నది కావచ్చు లేదా కాస్త నెమ్మదిగా పెరిగేది కావచ్చు.

అపోహ: చిన్నదాన్ని విడిగా పెడితే సరిపోతుంది.

ఒంటరిగా పెడితే డిస్కస్ బెదిరిపోయి ఉన్న తిండి కూడా మానేస్తుంది. తీయాల్సింది పెద్దదాన్ని. పెద్దవి రెండు మూడు ఒక ట్యాంకులోకి, చిన్నవి మూడు నాలుగు ఒక ట్యాంకులోకి సైజును బట్టి విడదీయండి. కొన్ని వారాలకు చిన్నవాటిలో కూడా ఒకటి పెద్దరికం మొదలుపెడుతుంది, అప్పుడు మళ్లీ సర్దాలి. రెండో ట్యాంకుకు చోటు లేకపోతే మేతను ఒకే మూల కాకుండా రెండు మూడు చోట్ల ఒకేసారి వేయండి, రెండంగుళాల పిల్లలకు రోజుకు అయిదారుసార్లు కొంచెం కొంచెంగా వేయండి. మొత్తం రెండు మూడు చేపలే పెంచేవాళ్లకు ఈ గొడవ ఇంకా ఎక్కువ, ఎందుకంటే పెద్దదాని కోపమంతా ఒక్కదాని మీదే పడుతుంది. నాలుగడుగుల ట్యాంకులో ఎనిమిది పిల్లలుంటే ఆ కోపం పంచుకుపోతుంది, కానీ నీళ్ల పని బాగా పెరుగుతుంది.

అపోహ: ట్యాంకు ఎంతుంటే చేప అంతే పెరుగుతుంది.

చేపకు అద్దాల కొలత తెలియదు. చిన్న ట్యాంకులో నీళ్లు త్వరగా పాడవుతాయి, పెరుగుదలను ఆపేది అదే. పిల్లలకు ఎక్కువసార్లు మేత వేస్తాం, నీటిని 28 నుంచి 30 డిగ్రీల వేడిలో ఉంచుతాం, వ్యర్థాలు ఎక్కువగానే వస్తాయి, వాటి నుంచి అమ్మోనియా పుడుతుంది. ఆ వేడిలో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 7 నుంచి 8కి పెరిగితే, అదే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం సుమారు తొమ్మిది పది రెట్లవుతుంది. మన బోరు నీళ్లు గట్టివి, అంటే ఖనిజాలు ఎక్కువున్నవి, పీహెచ్ కూడా ఎక్కువ ఉంటుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. మురికి నీటి దెబ్బ ముందు తగిలేది ఎలాగూ తక్కువ తిని నీరసంగా ఉన్న చిన్నదానికే.

రోజూ సగం దాకా నీళ్లు మార్చగలిగితే మార్చండి. నల్లా నీళ్లయితే క్లోరిన్ విరిచే మందు తప్పనిసరి. బోరు నీళ్లను డ్రమ్ములో పట్టి రాత్రంతా ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) నడపండి, అందులో కరిగిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ నిలకడకు వస్తుంది. చలికాలంలో మిద్దె మీది ట్యాంకు నీళ్లను నేరుగా పోయకండి, వేడి సరిచూసి పోయండి.

అపోహ: ఆర్‌ఓ నీళ్లుంటేనే డిస్కస్ పెరుగుతుంది.

గుడ్లు పొదగడానికి ఖనిజాలు తక్కువున్న మెత్తటి నీళ్లు కావాలి. ట్యాంకులో పుట్టి పెరిగిన పిల్లలు మామూలు నీళ్లలో బాగానే ఎదుగుతాయి, ఖనిజాలు వాటికి అవసరం కూడా. కేవలం ఆర్‌ఓ నీళ్లే పోస్తే పీహెచ్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది.

అపోహ: ట్యూబిఫెక్స్ పురుగులు వేస్తే త్వరగా పెరుగుతుంది.

తింటుంది, ఇష్టంగానే తింటుంది. కానీ అవి మురికి కాలవల్లో పెరిగేవి, రోగాలను వెంట తెస్తాయి. రొయ్యలు, కోడి గుండెకాయ కలిపి రుబ్బి ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన మేత, మంచి గుళికలు చాలు. మిగిలినదాన్ని పావుగంటలో తీసేయండి.

అపోహ: పెరగని చేపకు ముందు నులిపురుగుల మందు వేయాలి.

లక్షణం చూడకుండా మందు వద్దు. మేత బాగా తింటున్నా చిక్కిపోతుంటే, తెల్లటి దారంలా మలం వస్తుంటే, ఒకవైపు మొప్పతోనే ఊపిరి తీస్తూ గోడలకు రాసుకుంటుంటే అప్పుడు పరాన్నజీవులను అనుమానించండి. అప్పుడు కూడా పేగుల్లో ఉండేవాటికి ఒక మందు, మొప్పల పురుగుకు వేరే మందు.

కొనేటప్పుడు సైజు కంటే ముందు వయసు అడగండి. మూడంగుళాల చేప మూడు నాలుగు నెలలదైతే సరే, ఎనిమిది నెలలదైతే ఎంత చవకగా ఇచ్చినా వదిలేయండి. అన్నీ ఒకే ఈడువి, ఒకే చోటివి తీసుకోండి. తర్వాత ఇంకెక్కడి నుంచైనా తెచ్చి కలపాలంటే కనీసం నెల రోజులు వేరే ట్యాంకులో, వేరే వల, వేరే పైపుతో ఉంచండి.