“రోజూ ఎండలో పెడుతున్నాం కదా సిస్టర్!”

నిన్న మళ్లీ అదే మాట. ఆరు రోజుల బిడ్డ, కామెర్లతో అరికాళ్ల దాకా పచ్చగా ఉన్నాడు, అమ్మమ్మగారేమో “రోజూ పొద్దున్నే ఎండలో పెడుతున్నాం, ఇంకా తగ్గట్లేదేంటి” అంటున్నారు. పన్నెండేళ్లుగా పసిపిల్లల వార్డులో నర్సుని. ఈ ఎండ మాట చేసినంత ఆలస్యం ఇంకే మాటా చేయలేదు.

దీనికి మూలం మాలాంటి ఓ నర్సే, ఒప్పుకుంటాను. 1956లో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో సిస్టర్ వార్డ్ అనే ఆవిడ పిల్లల్ని ఆరుబయట ఎండకి తిప్పేది, ఒక బిడ్డకి ఒళ్లంతా పసుపు తగ్గి, దుప్పటి కప్పిన చోట మాత్రం మిగిలిపోతే డాక్టర్లకి చూపించింది. ఫొటోథెరపీ, అంటే కాంతితో కామెర్లు తగ్గించే వైద్యం, అక్కడే మొదలైంది. కానీ పనిచేసేది నీలికాంతి, అది బట్టలు విప్పి, కళ్లకి గంతలు కట్టి, పాలకి తప్ప బయటికి తీయకుండా గంటల తరబడి పడాలి. వరండాలో పది నిమిషాల ఎండ ఏ మూలకి?

ఒంటిని పచ్చబరిచే పదార్థం బిలిరుబిన్. అది రక్తంలో మరీ పెరిగి మెదడులోకి దిగితే చెవుడు రావచ్చు, కాళ్లూచేతుల కదలికలు అదుపు తప్పే సెరిబ్రల్ పాల్సీ రావచ్చు. రెండేళ్ల కిందట ఒకమ్మాయి బిడ్డని తెచ్చి “రెండు రోజులుగా అసలు ఏడవట్లేదండీ, బుద్ధిమంతుడు” అని మురిసిపోతూ చెప్పింది. పాలు పట్టబోతే నోరు తెరవలేదు, ఎత్తుకుంటే విల్లులా వెనక్కి వంగాడు. ఆ రాత్రే రక్తమార్పిడి చేశారు, ప్రాణం దక్కింది, వినికిడి దక్కలేదు. ఆ అమ్మాయి తప్పేముంది, పెద్దవాళ్లు చెప్పినట్టే చేసింది.

చాలామంది పిల్లలకి కామెర్లు 3-5 రోజుల మధ్య పెరిగి వాటంతటవే తగ్గుతాయి, టెన్షన్ అక్కర్లేదు. మొదటి 24 గంటల్లోనే పచ్చబడినా, అరచేతులూ అరికాళ్లూ పసుపెక్కినా, పాలకి లేవకపోయినా, కీచుగా ఏడ్చినా అదే పూట తీసుకురండి, రేపు పొద్దున్న ఎండ చూసి కాదు.

మిగతావి గబగబా. కామెర్లు మామూలుగా తల్లి తిండి వల్ల రావు. ఆకు పసరు పోయకండి. పాలు ఆపకండి, ఇంకా ఎక్కువసార్లు పట్టండి, బిలిరుబిన్ ఎక్కువగా పోయేది విరేచనంలోనే. తల్లిది నెగటివ్ గ్రూపు, బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల్లోపు తల్లికి వేసే యాంటీ-డి ఇంజెక్షన్ గురించి అడగండి, అది ఈ బిడ్డకి కాదు, వచ్చే కాన్పుకి. ఉమ్మనీరు తాగడం వల్ల మెదడు దెబ్బతినదు, కడుపులో అందరూ తాగినవాళ్లమే.

ఇంకొకటి, పెద్దాడి పాత బట్టలు ట్రంకుపెట్టెలోంచి తీసి కలరా ఉండల వాసనతోనే తొడుగుతారు చూడండి, జీ6పీడీ లోపం (ఎర్రకణాల్ని కాపాడే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువ) ఉన్న బిడ్డకి ఆ వాసనకే ఎర్రకణాలు పగిలి కామెర్లు ఒక్కసారిగా పెరగొచ్చు. నిన్నటి బిడ్డ చొక్కా కూడా అదే వాసన. వాడు లైట్ల కింద ఉన్నాడు, పొద్దుటికి బిలిరుబిన్ 19 నుంచి 14కి దిగింది. అమ్మమ్మగారు ఇంటికి ఫోన్ చేసి ముందు ఆ పెట్టె బయట పెట్టించారు.