ఎత్తైన భవనాలు కదులుతాయి: కొన్ని అపోహలు, వాస్తవాలు

యాభై, అరవై అంతస్తుల భవనం డిజైన్‌లో నిలువు బరువు లెక్క తేలిగ్గానే తెములుతుంది. అది ఎంత ఊగుతుంది, ఎంత కుంగుతుంది, ఎంత పొట్టిబడుతుంది, లోపల ఎంత వేడెక్కుతుంది అన్నవాటితోనే నెలలు గడిచిపోతాయి. అపోహలు ఎక్కువగా ఉన్నదీ అక్కడే.

అపోహ: బాగా కట్టిన భవనం ఊగదు

ఊగుతుంది, ఊగనివ్వాలి. గాలికి పైకొస పక్కకు జరగడాన్ని సాధారణంగా ఎత్తులో 500వ వంతుకు పరిమితం చేస్తాం. అంటే 200 మీటర్ల భవనానికి 400 మిల్లీమీటర్లు. వినడానికి భయంగా ఉన్నా, లోపలివాళ్లకు తెలిసేది జరిగిన దూరం కాదు, త్వరణం. పైకొస అటూ ఇటూ 9.5 సెంటీమీటర్ల చొప్పున, ఒక్కో ఊపుకు 5 సెకన్లు తీసుకుంటూ కదిలితే త్వరణం సుమారు 0.15 మీ/సె². నివాస భవనాలకు పదేళ్లకోసారి వచ్చే గాలిలో ఇంతవరకు పర్వాలేదంటారు (ఆఫీసులకు 0.25). అదే 9.5 సెంటీమీటర్లు 3 సెకన్ల ఊపులో జరిగితే త్వరణం 0.42కి చేరుతుంది. అప్పుడు మంచం మీద పడుకున్నవాళ్లకు కళ్లు తిరుగుతాయి.

డ్యాంపర్ (ఊపును పీల్చుకునే బరువు లేదా నీటి తొట్టి) పెట్టేది ఈ త్వరణం తగ్గించడానికే. తైవాన్‌లోని తైపీ 101 భవనంలో 660 టన్నుల ఉక్కు గోళం వేలాడుతున్నది ప్రధానంగా అందుకే. భవనాన్ని పడిపోకుండా పట్టుకోవడానికి కాదు. డ్యాంపర్‌తో అసలు చిక్కు ట్యూనింగ్, అంటే దాని లయను భవనం లయకు కలపడం. మోడల్‌లో ఊపు 5.5 సెకన్లని లెక్క తేలినా, లోపలి గోడలు కట్టాక భవనం బిగుసుకుని 5 సెకన్లకు రావచ్చు. అందుకే స్ట్రక్చర్ పూర్తయ్యాక నిజమైన ఊపును కొలిచి, గోళం వేలాడే తీగల పొడవునో, నీటి డ్యాంపర్ అయితే నీటిమట్టాన్నో సరిచేయాలి. ఈ కొలత మానేస్తే ఖరీదైన డ్యాంపర్ ఉత్త బరువుగా మిగులుతుంది.

అపోహ: గాలి ఎదురుగా నెడుతుంది, ఆ తోపుకు డిజైన్ చేస్తే చాలు

ఒక ఎత్తు దాటాక ఎదురు తోపు కంటే పక్క ఊపే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. గాలి భవనాన్ని దాటేటప్పుడు రెండు అంచుల నుంచి సుడులు ఒకదాని తర్వాత ఒకటి విడిపోతూ, భవనాన్ని గాలికి అడ్డంగా లాగుతాయి. ఆ లాగుడు లయ, భవనం సొంత లయ కలిసిన రోజున ఊపు పెరుగుతూ పోతుంది.

చేతిలెక్క ఇది. భవనం సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో తెలియాలంటే 46ను మీటర్లలో ఎత్తుతో భాగించండి. అంచనాకు అది సరిపోతుంది. సుడులు విడిపోయే లయను గాలి వేగంతో, వెడల్పుతో కలిపే స్ట్రౌహల్ సంఖ్య చదరపు ప్లానుకు దాదాపు 0.12. ప్రమాదకరమైన గాలి వేగం = ఊపుల సంఖ్య × వెడల్పు ÷ 0.12. వెడల్పు 30 మీటర్లు అనుకుంటే, 100 మీటర్ల భవనానికి ఆ వేగం సెకనుకు 115 మీటర్లు. అంత గాలి రాదు, కాబట్టి బెంగ లేదు. అదే వెడల్పుతో 300 మీటర్లకు లేపితే సెకనుకు 38 మీటర్లకు, అంటే గంటకు 135 కిలోమీటర్ల చుట్టుపక్కలకు దిగివస్తుంది. తుపాను గాలి అంతకు మించే ఉంటుంది.

ఇక్కడ కాంక్రీట్ పెంచడం కంటే ఆకారం మార్చడం చవక. తైపీ 101 మూలలను మెట్లుగా కోయడంతో పునాది దగ్గర గాలి మొమెంట్ (భవనాన్ని వంచే ప్రభావం) దాదాపు పావు వంతు తగ్గింది. బుర్జ్ ఖలీఫా పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతూ వెడల్పు మారుతుంటుంది కాబట్టి సుడులు ఒకే లయకు రాలేవు. న్యూయార్క్‌లోని 432 పార్క్ అవెన్యూలో ప్రతి 12 అంతస్తులకు రెండు అంతస్తులను గాలి దూసుకుపోయేలా ఖాళీగా వదిలారు. విండ్ టన్నెల్ పరీక్షను ఆర్కిటెక్ట్ ప్లాను ఖాయమయ్యాక చేయించడం దండగ. అప్పటికి మార్చగలిగేది ఏమీ మిగలదు.

అపోహ: గ్రేడ్ పెంచితే భవనం బిగువవుతుంది

కాంక్రీట్ గ్రేడ్ (ఎం40 అంటే 40 ఎన్/మి.మీ² బలం) పెంచితే బలం పెరుగుతుంది, బిగువు ఆ నిష్పత్తిలో పెరగదు. బిగువును కొలిచే ఎలాస్టిక్ మాడ్యులస్ గ్రేడ్ వర్గమూలాన్ని బట్టి పోతుంది. ఎం40కి సుమారు 31,600, ఎం80కి 44,700 ఎన్/మి.మీ². బలం రెట్టింపైతే బిగువు పెరిగేది 41 శాతమే. ఊపు తగ్గాలంటే షియర్ వాల్స్‌ను (పక్క తోపును ఆపే కాంక్రీట్ గోడలు) ఎంత దూరంగా పెట్టాం, కోర్‌ను (లిఫ్టులు, మెట్ల చుట్టూ ఉండే నడిగోడలు) అవుట్‌రిగ్గర్లనే బలమైన అడ్డ చేతులతో బయటి కాలమ్స్‌కు కట్టామా అన్నదే ముఖ్యం.

గ్రేడ్ పెంచడం వల్ల సైట్‌లో ఇంకో తలనొప్పి వస్తుంది. కాలమ్ ఎం80, స్లాబ్ ఎం40 అయితే, కాలమ్ బరువు స్లాబ్ మందం గుండా కిందికి దిగాలి. ఆ జాయింట్‌లో ఎం40 పడితే అదే బలహీనమైన చోటు. కాలమ్ గ్రేడ్ స్లాబ్ గ్రేడ్‌కు 1.4 రెట్లు దాటితే, జాయింట్‌లోనూ కాలమ్ ముఖం నుంచి 600 మిల్లీమీటర్ల దాకా స్లాబ్‌లోనూ కాలమ్ కాంక్రీటే ముందు పోయాలి. అది గట్టిపడకముందే స్లాబ్ కాంక్రీట్ పోసి, రెండూ కలిసేలా వైబ్రేటర్ పెట్టాలి. పంపు స్లాబ్ మిక్స్‌తో నడుస్తుంటుంది, కాలమ్ మిక్స్ క్రేన్ బకెట్‌లో రావాలి. బకెట్ ఆలస్యమైతే స్లాబ్ కాంక్రీట్ జాయింట్‌లోకి జారుతుంది, పైనుంచి చూస్తే రెండూ ఒకే రంగు. ఆ ఒక్క అరగంట ఇంజినీర్ అక్కడే నిలబడాలి.

అపోహ: కాలమ్ పొడవు మారదు

మారుతుంది. కాలమ్‌లో ఎడతెగని ఒత్తిడి 12 ఎన్/మి.మీ² అనుకుంటే, బరువుకు వెంటనే వచ్చే కుదింపు, క్రీప్ (బరువు కింద ఏళ్ల తరబడి సాగే కుదింపు), ష్రింకేజ్ (ఆరుతూ ముడుచుకోవడం) అన్నీ కలిపి కొన్నేళ్లలో మీటరుకు సుమారు 1 మిల్లీమీటర్ తగ్గుతుంది. అరవై అంతస్తులకు 200 మిల్లీమీటర్ల దగ్గరకు పోతుంది. ప్రతి స్లాబ్‌నూ కొత్త లెవెల్‌కు పోస్తాం కాబట్టి అప్పటిదాకా జరిగిన కుదింపు సర్దుకుపోతుంది. ఆ తర్వాతది మాత్రం మిగులుతుంది. అది ఎక్కువగా బయటపడేది మధ్య అంతస్తుల్లోనూ వాటి పైనా.

అందరూ సమానంగా పొట్టిబడితే బాధ లేదు. కోర్ వాల్ మీద ఒత్తిడి తక్కువ, కాబట్టి అది కాలమ్ కంటే తక్కువ కుదించుకుపోతుంది. 8 మీటర్ల స్లాబ్‌కు ఒక చివర 30 మిల్లీమీటర్లు దిగితే పార్టిషన్ గోడలు ఏటవాలుగా చీలతాయి, తలుపులు పట్టేస్తాయి. ఉక్కు పైపు రైజర్లు (నిలువు పైపులు) కాలమ్‌తో పాటు కుదించుకోవు, క్లాంపులు బిగించేస్తే వంగిపోతాయి. భవనం ముఖభాగంలోని క్లాడింగ్‌లో (బయటి రాతి తొడుగు) అడ్డ జాయింట్లు మూసుకుని రాయి అంచులు రాలతాయి. మందు: కాలమ్స్‌ను లెక్కేసిన మేర కాస్త పొడవుగా పోయడం, పైపులకు ఎక్స్‌పాన్షన్ జాయింట్లు, లిఫ్ట్ పట్టాలకు జారే క్లిప్పులు, అవుట్‌రిగ్గర్ జాయింట్‌ను ఆలస్యంగా బిగించడం.

అపోహ: పైల్స్ గట్టిరాయిని తాకితేనే ఎత్తు కట్టొచ్చు

బుర్జ్ ఖలీఫా 3.7 మీటర్ల మందం రాఫ్ట్ (భవనమంతటి కింద పరిచిన పునాది పలక), 1.5 మీటర్ల వ్యాసం పైల్స్ (భూమిలోకి దింపిన కాంక్రీట్ స్తంభాలు) మీద ఉంది. కింద ఉన్నది బలహీనమైన రాయి; బరువు ఎక్కువగా పైల్ పక్కల ఘర్షణ ద్వారానే దిగుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 256 మీటర్ల మెస్సెటుర్మ్ బంకమట్టిలో, 64 పైల్స్‌తో రాఫ్ట్ కూడా బరువు పంచుకుంటూ నిలబడింది. జాగ్రత్త పడాల్సింది ఇంకోచోట: ఒంటరి పైల్‌కు చేసిన లోడ్ టెస్ట్‌లో కొన్ని మిల్లీమీటర్లే దిగిందని సంబరపడకూడదు. పైల్స్ గుంపుగా దింపే ఒత్తిడి చాలా లోతుకు పోతుంది, కుంగుడు ఎన్నో రెట్లు ఉంటుంది.

అపోహ: రాఫ్ట్ వేడెక్కితే చల్లటి నీళ్లు పోయాలి

మందపు రాఫ్ట్‌కు ఇంతకంటే పెద్ద హాని ఇంకోటి లేదు. సిమెంట్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. క్యూబిక్ మీటర్‌లో ప్రతి 100 కిలోల సిమెంట్‌కు నడిమధ్య 10 నుంచి 12 డిగ్రీలు పెరుగుతుంది. 400 కిలోల మిక్స్‌ను 30 డిగ్రీల దగ్గర పోస్తే లోపల 70 దాటుతుంది. ఆపైన ఎట్రింజైట్ అనే ఉబ్బే స్ఫటికం ఆలస్యంగా ఏర్పడి లోలోపల ఉబ్బి పగిలే ప్రమాదం ఉంది. పైభాగానికీ మధ్యకూ తేడా 20 డిగ్రీలు మించితే చల్లబడ్డ పైపొర లాగబడి చీలుతుంది. చల్లటి నీళ్లు ఆ తేడాను పెంచుతాయి. పోయక ముందే ఐస్‌తో మిక్స్‌ను చల్లబరచండి, సిమెంట్‌లో కొంత భాగం బదులు ఫ్లయాష్ లేదా స్లాగ్ వాడండి, బలాన్ని 56 లేదా 90 రోజులకు చూడండి. పోశాక కప్పి ఉంచాలి: ప్లాస్టిక్, దాని మీద ఇన్సులేషన్ దుప్పట్లు. పైన, మధ్యన, కింద థర్మోకపుల్స్ (వేడి కొలిచే తీగలు) పెట్టి, లోపలికీ బయటి గాలికీ తేడా తగ్గాకే దుప్పట్లు తీయాలి. తొందరపడి తీసినప్పుడే పగుళ్లు వస్తాయి.

అపోహ: భూకంపంలో ఎత్తైనదే ముందు కూలుతుంది

1985 మెక్సికో సిటీ భూకంపంలో మెత్తటి సరస్సు మట్టి దాదాపు 2 సెకన్ల లయలో ఊగింది. ఎక్కువ దెబ్బతిన్నవి 6 నుంచి 15 అంతస్తులవి. 1956లో పూర్తయిన 44 అంతస్తుల టోర్రె లాటినోఅమెరికానా నిలబడింది. ఊపు ఎక్కువ సెకన్లున్న భవనం మీద భూకంప తోపు సాధారణంగా తక్కువ పడుతుంది. అయినా కాలమ్‌లోని ఉక్కు రింగులు వదులుగా కడితే ఆ లాభం దక్కదు.

అపోహ: పైన ట్యాంకు ఉంటే కింద నీటికి లోటుండదు

లోటు ఉండదు, కుళాయే ఉండదు. పది మీటర్లకు ఒక బార్. 150 మీటర్ల పైనుంచి నేరుగా దించితే కింద 15 బార్, కుళాయికి కావలసింది 3 నుంచి 5. అందుకే 30, 40 మీటర్లకో జోన్ విడదీసి మధ్య ట్యాంకులు గానీ, ప్రెషర్ తగ్గించే వాల్వులు గానీ పెడతారు. వాల్వ్‌లు జతగా పెట్టి, దిగువన రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ మితిమీరితే నీటిని వదిలేసేది) తప్పక ఉంచాలి. వాల్వ్ పాడైతే ఆ జోన్ పైపుల జాయింట్లన్నీ ఒకేసారి కారతాయి.