ముందు అత్రిని వెతకండి

చిన్నూకి, బుజ్జికి,

తాతయ్య ఆశీస్సులు. "2029లో ఒక రాయి వచ్చి భూమిని గుద్దేస్తుందట కదా!" అని మొన్న ఫోన్లో బుజ్జి టెన్షన్ పడింది. గుద్దదమ్మా. నేను సగం చెప్పేలోపే మీ అమ్మ అన్నానికి పిలిచింది కాబట్టి మిగతాది రాస్తున్నాను.

ఆ రాయి పేరు అపోఫిస్. ఈజిప్టు పురాణాల్లో సూర్యుణ్ణి మింగాలని చూసే పాము పేరది. మన రాహువుకి దూరపు చుట్టం అనుకోండి. పరిమాణం దాదాపు 340 మీటర్లు, అంటే ఆరేడు చార్మినార్లు ఒకదానిమీద ఒకటి నిలబెట్టినంత. అమెరికాలోని కిట్ పీక్ వేధశాల నుంచి 2004 జూన్‌లో దాన్ని కనిపెట్టారు. అదే ఏడాది డిసెంబరు 27న లెక్క వేస్తే, 2029 ఏప్రిల్ 13న భూమిని తాకే అవకాశం 37లో ఒక వంతు ఉందని తేలింది. దానికి ముందురోజే సునామీ. మా బాపట్ల వైపు అందరి కళ్ళూ సముద్రం మీదే ఉన్నాయి, ఈ కబురు ఎవరు పట్టించుకుంటారు?

ఆ భయం తీర్చింది కొన్ని పాత ఫొటోలు. 2004 మార్చిలో, అంటే దాన్ని కనిపెట్టడానికి మూడు నెలల ముందే, వేరే వాళ్ళు తీసిన చిత్రాల్లో అపోఫిస్ మసగ్గా పడి ఉంది. అప్పుడు ఎవరూ గమనించలేదు. చిన్నూ, బంతి బౌలర్ చెయ్యి వదిలిన మరుక్షణమే అది వికెట్ల మీదికి వస్తుందో లేదో చెప్పగలవా? ఇంకాస్త దూరం దాని దారి చూస్తేనే కదా తెలిసేది. ఇక్కడా అంతే. ఆ పాత చుక్కలు కలిపేసరికి దారి తేలిపోయింది, 2029 ప్రమాదం కొట్టేశారు. 2021 మార్చిలో రాడార్‌తో కొలిచాక, కనీసం వందేళ్ళ దాకా ఢీకొనే ముప్పు లేదని చెప్పేశారు.

కానీ దగ్గరగా మాత్రం వస్తుంది. మీ డాబా మీద డిష్ యాంటెన్నా ఉందే, అది చూసేది దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం వైపు. అపోఫిస్ 32,000 కిలోమీటర్ల ఎత్తులోనే వెళ్ళిపోతుంది. ఇంత పెద్ద రాయి ఇంత దగ్గరగా రావడం, అది ముందే తెలిసి ఉండడం, మామూలు కళ్ళకి కనిపించడం, ఈ మూడూ కలిసి రావడం చాలా అరుదు. పైగా ఆ రాత్రి అమావాస్య.

ఇక చూడ్డం సంగతి. ఇందులో నేను బోల్తాపడ్డాను కాబట్టి వివరంగా చెప్తాను. 2013 ఫిబ్రవరిలో ఇలాంటిదే చిన్న గ్రహశకలం ఒకటి 27,700 కిలోమీటర్ల దూరంలో వెళ్ళింది. మనకి 16వ తేదీ అర్ధరాత్రి దాటాక, ఒంటిగంట కావస్తుండగా. దానికి ముందు, 15వ తేదీ పొద్దున, రష్యాలోని చెల్యాబిన్స్క్ ఊరి మీద చెప్పాపెట్టకుండా ఇంకో రాయి పేలింది. ఈ రెంటికీ సంబంధం లేదు. అక్కడ వెలుగు చూసి కిటికీల దగ్గరికి పరిగెత్తిన వాళ్ళకి, కాసేపటికి శబ్దతరంగం వచ్చి అద్దాలు పగిలి గుచ్చుకున్నాయి. ఆకాశంలో అలాంటి మెరుపు కనిపిస్తే కిటికీకి దూరంగా జరగండి, చూడ్డానికి పరిగెత్తకండి.

నేనేమో అరువు తెచ్చిన బైనాక్యులర్ పట్టుకుని డాబా మీద గంటసేపు ఆకాశమంతా గాలించాను. ఏ చుక్క చూసినా అదేనేమో అనిపించేది. మెడ పట్టేసింది గానీ రాయి కనిపించలేదు. తప్పు నాదే. అది తోకతో, మంటతో రాదు, మామూలు నక్షత్రంలాగే ఉంటుంది. కదులుతుంది, అంతే తేడా. కదలని వాటిని ముందు గుర్తుపట్టకపోతే కదిలేది ఎలా తెలుస్తుంది? దాని వెంట పడకూడదు. అది వచ్చే దారిలో రెండు నక్షత్రాలు ఎంచుకుని, వాటి మధ్య చూపు నిలిపి, బస్టాపులో నిలబడ్డట్టు నిలబడాలి.

అపోఫిస్ మన వాళ్ళకి ఆ రాత్రి దక్షిణం వైపు నుంచి వచ్చి పడమటికి వాలుతుంది. అతి దగ్గరికి వచ్చేసరికి మనకి 14వ తేదీ తెల్లవారుజాము 3:16, అప్పటికది అట్లాంటిక్ సముద్రం మీదికి చేరుతుంది. లండన్‌లో ఉన్న మీ అత్తయ్యకి రాత్రి 10:46 అవుతుంది. అదృష్టం ఆవిడదే, మబ్బు లేకపోతే! (లండన్ కదా.) ఆ సమయంలో అది నిమిషానికి చందమామ వెడల్పుకన్నా ఎక్కువ దూరం జరుగుతుంది. మనకి కనిపించేటప్పటికి ఇంకా దూరంగా, ఇంకా మసగ్గా ఉంటుంది కాబట్టి బైనాక్యులర్ దగ్గర పెట్టుకోవాలి.

ఇంకో పని చేద్దాం. మీరు హైదరాబాద్‌లో, నేను బాపట్లలో, ఒకే నిమిషంలో ఫొటో తీద్దాం. ఫోన్ చేత్తో పట్టుకోవద్దు, ఇటుకకి ఆనించండి. రెండు ఫొటోల్లో నక్షత్రాలు ఒకేచోట ఉంటాయి, రాయి మాత్రం కాస్త పక్కకి జరిగి ఉంటుంది. బొటనవేలు ముఖం ముందు పెట్టుకుని ఒక్కో కన్నూ మూసి చూడండి, ఎందుకో తెలుస్తుంది. ఆ జరుగుబాటు నుంచే దాని దూరం లెక్కకట్టవచ్చు. లెక్క చిన్నూ పని.

అంతకన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. ఏప్రిల్ రాత్రుల్లో ఉత్తరాన సప్తర్షి మండలం గరిటె ఆకారంలో బాగా పైకొచ్చి ఉంటుంది. ఏడుగురిలో అందరికన్నా మసగ్గా, గరిటె గిన్నెకి కాడ అతికినచోట ఉండేవాడు అత్రి. అపోఫిస్ అతి దగ్గరికి వచ్చినప్పుడు కూడా ఇంచుమించు అంత వెలుగే. మీ డాబా మీద నుంచి అత్రి కనిపించకపోతే ఆ ఊరి దీపాల మధ్య రాయి కూడా కనిపించదు, బాపట్ల రైలెక్కి రావాల్సిందే. ఈ వారం చూసి, కనిపించాడో లేదో ఫోన్ చెయ్యండి.

మీ
తాతయ్య