చలికాలపు చెరువు మీద రంగును నమ్ముకుంటే అంతే సంగతులు

నవంబర్ చివర్లో చెరువు గట్టు మీద కొత్తవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఆ గోధుమరంగు బాతు ఏంటండీ?" నేను వెంటనే జవాబు చెప్పకుండా బైనాక్యులర్ ఎత్తి చూస్తూ ఉండిపోతాను. ఈయనకేం తెలుసులే అన్నట్టు వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ రోజుల్లో నీటి మీద తేలే బాతుల్లో చాలా వరకు గోధుమరంగువే మరి. ఏళ్ళ తరబడి ఈ గట్ల మీద విన్న అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. వీటిలో సగం ఒకప్పుడు నేనూ నమ్మినవే.

అపోహ: పుస్తకంలోని బొమ్మతో రంగు పోల్చుకుంటే పేరు తెలిసిపోతుంది.

వాస్తవం: పుస్తకంలో పెద్దగా వేసే బొమ్మ మగబాతు పెళ్ళికొడుకు వేషంలో ఉన్నప్పటిది. గూళ్ళ కాలం అయ్యాక చాలా జాతుల మగబాతులు ఆ ఈకలు రాల్చేసి, ఆడవాటిలాగే మాసిన రంగులోకి మారిపోతాయి. అదే రోజుల్లో రెక్కల్లోని పెద్ద ఈకలన్నీ ఒకేసారి ఊడిపోవడంతో మూడు నాలుగు వారాలు ఎగరలేవు. అలాంటప్పుడు తళతళలాడే రంగులతో నీటి మీద కూర్చుంటే గద్దను భోజనానికి పిలిచినట్టే. చలి ముదిరేసరికి చాలావాటికి కొత్త రంగులు వస్తాయి, కానీ అన్నిటికీ ఒకేసారి రావు. చెంచామూతి బాతు, అదే షవలర్, ఈ విషయంలో మహా బద్ధకం. నవంబర్‌లో కూడా మగది సగం ఆకుపచ్చ తల, మచ్చల రొమ్ము, ముక్కుకూ కంటికీ మధ్య తెల్లని నెలవంకతో తిరుగుతుంటుంది. చాలా పుస్తకాల్లో ఆ అవతారం కనిపించదు. కొత్త జాతి దొరికిందని దాన్ని చూసి నాకు ఫోన్ చేసినవాళ్ళున్నారు.

పైగా వెలుతురు ఆడే ఆట ఒకటుంది. మలార్డ్ మగబాతు తలలోని ఆ మెరిసే పచ్చదనం ఈకకు పూసిన రంగు లాంటిది కాదు, ఈకల సూక్ష్మమైన అల్లిక మీద వెలుగు పడి పుట్టేది. పక్షి తల కాస్త తిప్పితే అదే పచ్చ ఊదాగా, ఇంకాస్త తిప్పితే నల్లగా కనిపిస్తుంది. అందుకే సూర్యుణ్ణి వీపు వైపు ఉంచుకుని నిలబడమంటాను. ఎదురెండలో అన్నీ నల్లబాతులే.

మరి ఏం చూడాలి? ఆకారం, కూర్చున్న తీరు, చేసే పని. మొన్నటి ఉదయం సంగతే చెబుతాను. తుంగ పక్కన ఆరు గోధుమరంగు బాతులు, మగది ఒక్కటీ లేదు. ఒకదాని మెడ మిగతావాటి కంటే పొడుగ్గా, సన్నగా ఉంది. ముక్కు బూడిదరంగు, తోక కొస సూదిగా ఉంది. సూదితోక బాతు, ఆడది. ఇంకొకటి రెక్క సర్దుకున్నప్పుడు వెనక అంచు దగ్గర చిన్న తెల్లటి చతురస్రం మెరిసి మాయమైంది. అది గాడ్‌వాల్. మూడోది తల నీటికి ఆనించి, ముక్కుతో నీటిని జల్లెడ పడుతూ గుండ్రంగా తిరుగుతోంది. దాని పేరు చెప్పడానికి రంగు చూడక్కర్లేదు. పాలనూ నీళ్ళనూ వేరుచేసే హంస సంగతేమో గానీ, నీళ్ళ నుంచి తిండిని వేరుచేసే షవలర్ మాత్రం నిజం. దాని ముక్కు అంచుల వెంట దువ్వెన పళ్ళలాంటివి వందకు పైగా ఉంటాయి. మిగతా మూడూ నిద్రలో ఉన్నాయి, వాటి సంగతి తర్వాత.

అపోహ: నీటి మీద నల్లగా, గుంపుగా ఉన్నవన్నీ బాతులే.

వాస్తవం: మొదటి ఏడాది నా నోట్‌బుక్‌లో "నల్ల బాతులు, 240" అని రాసి, నాకు ఈ పని నేర్పిన పెద్దాయనకు గర్వంగా చూపించాను. ఆయన ఏమీ అనకుండా టెలిస్కోప్‌ను ఒడ్డు వైపు తిప్పి, "కాళ్ళు చూడవయ్యా" అన్నారు. ఒడ్డెక్కిన ఆ పక్షి వేళ్ళ మధ్య బాతుకుండే పొర లేదు. ఒక్కో వేలికీ విడివిడిగా ఆకుల్లాంటి రేకులు అతికించినట్టున్నాయి. నుదుటి మీద తెల్లని నామం, తెల్లని ముక్కు. అది బొల్లికోడి. బాతుల కంటే క్రేన్‌లకే, అంటే క్రౌంచాలకే, దగ్గరి చుట్టం అంటే నవ్వుతారేమో గానీ, అది నిజం. ఈదేటప్పుడు తల ముందుకూ వెనక్కూ ఊపుతుంది. ఎగరాలంటే నీటి మీద టపటపా పరుగెత్తాల్సిందే.

ఆ 240 కొట్టేసినా, బొల్లికోడి మీద నాకు గౌరవం పెరిగింది. దూరాన ఉన్న పక్షి సైజు ఒంటరిగా చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. బొల్లికోడి పొడవు సుమారు 40 సెంటీమీటర్లు, గుంపులో ఎక్కడో ఒకచోట ఉంటుంది. దాని పక్కన చిన్నగా కనిపించే బాతు టీల్ కావచ్చు. స్పష్టంగా పెద్దగా ఉంటే మలార్డో, సూదితోక బాతో చూసుకోవాలి. నీటి మీద ఇంతకంటే మంచి స్కేలు లేదు.

అపోహ: బాతులన్నీ మునుగుతాయి.

వాస్తవం: పైన చెప్పిన బాతులన్నీ తల కింద, తోక పైన పెట్టి మేసే రకం. తోక నీటికి పైకి ఉంటుంది, బెదిరితే ఉన్నచోటి నుంచే నిటారుగా లేస్తాయి. పోచార్డ్, టఫ్టెడ్ బాతులు మునిగే రకం. కాళ్ళు శరీరానికి బాగా వెనక ఉంటాయి, తోక నీటిని అంటుకుని ఉంటుంది, లేవడానికి పరుగు కావాలి. అయితే గద్ద వస్తే మేసే రకమూ మునుగుతుంది. ఒక్క మునక చూసి తీర్పు చెప్పకండి. ఇక గుండ్రంగా, తోకే లేనట్టున్న బుడబుంగ బాతు కాదు. అది ఈకల్లోని గాలిని నొక్కి వదిలేసి, చప్పుడు లేకుండా అలాగే కిందికి దిగిపోగలదు. కళ్ళముందే మాయమైంది అంటారే, అది దానికే.

అపోహ: చలికి తట్టుకోలేక దక్షిణానికి వస్తాయి.

వాస్తవం: ఆ ఈకల దుప్పటికి చలి పెద్ద లెక్కలోది కాదు. చెరువు గడ్డకడితే తిండికి తలుపు మూసుకుపోతుంది, సమస్య అక్కడ. పాదాలు గడ్డకట్టవా అంటే, గుండె నుంచి వెచ్చగా దిగే రక్తనాళం, పాదం నుంచి చల్లగా తిరిగొచ్చే నాళం కాలిలో పక్కపక్కనే ఉంటాయి. దిగే రక్తం తన వేడిని ఎక్కే రక్తానికి అప్పగించేస్తుంది. పాదం చల్లగానే ఉంటుంది, ఒంట్లో వేడి మాత్రం నీటిపాలు కాదు.

అపోహ: నీటికాకికి నూనె గ్రంథి లేదు, అందుకే రెక్కలు ఆరేసుకుంటుంది.

వాస్తవం: గ్రంథి ఉంది. ఈక బయటి భాగం అల్లిక నీళ్ళు పీల్చేలా ఉంటుంది, లోపలి భాగం పొడిగానే ఉంటుంది. తడిసి బరువెక్కితే చేపల వెంట మునగడం తేలిక.

అపోహ: బాతు అరుపుకు ప్రతిధ్వని ఉండదు.

వాస్తవం: ఉంటుంది. ఇంగ్లండ్‌లోని సాల్ఫర్డ్ యూనివర్సిటీలో ట్రెవర్ కాక్స్ 2003లో ఒక బాతును తెచ్చి మరీ తేల్చారు. దీని మీద ఇంతకంటే టైమ్ అనవసరం.

అపోహ: నిద్రపోతున్న పక్షిని చూసి లాభం లేదు, చప్పట్లు కొడితే లేస్తుంది.

వాస్తవం: దయచేసి కొట్టకండి. చలికాలంలో ఊరికే ఎగరడమంటే కష్టపడి దాచుకున్న కొవ్వును తగలబెట్టడమే. అసలు అది పూర్తిగా నిద్రపోతుందన్న గ్యారంటీ కూడా లేదు. మలార్డ్‌ల గుంపులో అంచున ఉన్నవి బయటి వైపు కన్ను తెరిచి, మెదడులో సగాన్నే నిద్రపుచ్చుతాయని 1999లో అచ్చయిన పరిశోధన చూపించింది. ఆ తుంగ పక్క మూడూ అలాంటివే. అరగంట కూర్చున్నాను. ఒకటి మెడ చాచి మళ్ళీ పడుకుంది, సూదితోక. రెండోది రెక్క సాగదీసింది, గాడ్‌వాల్. మూడోది కదల్లేదు. నోట్‌బుక్‌లో "బాతు, తెలియలేదు, 1" అని రాసుకున్నాను. కొత్తవాళ్ళకు ఇలా రాయడం నామోషీగా ఉంటుంది. నేనైతే తెలియనిది ఒక్కటీ లేని లిస్టునే అనుమానిస్తాను.

అపోహ: పొద్దుగూకితే ఇక చూసేదేం లేదు.

వాస్తవం: రంగు పోతుంది, అంతే. కవులు జక్కవ బాతుల జంట రాత్రంతా విడిపోయి ఏడుస్తుందన్నారు. జక్కవలు చాలావరకు రాత్రివేళే మేస్తాయి, చీకట్లో వాటి పిలుపు గట్టిగా, ముక్కుతో మూలిగినట్టు వినబడుతుంది. అది వినే ఆ కథ అల్లుకున్నారేమోనని నా ఊహ. దాని వెనకే మగ విజియన్ బాతు "వీ...యూ" అని ఈల వేస్తుంది, బొల్లికోళ్ళు టపటపలాడతాయి. బైనాక్యులర్ సంచిలో పెట్టేశాక కూడా నా లిస్టులో రెండు మూడు పేర్లు చేరుతుంటాయి.