ఛాసిస్ లోపలి గోడ

“ఇంజను, గేర్‌బాక్స్, యాక్సిళ్లు బాగానే ఉన్నాయి. ఛాసిస్ మాత్రం ఒకచోట స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోతోంది. అక్కడ ఇనుపరేకు వేసి వెల్డింగ్ చేయిస్తే చాలదా, ఛాసిస్ మొత్తం మార్చాలా?” పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండినొకదాన్ని బాగుచేసుకుంటున్న పాఠకుడొకరు అడిగిన ప్రశ్న ఇది. చిల్లు బయటి దెబ్బ వల్ల పడి ఉంటే రేకు చాలు. లోపలి నుంచి తుప్పు తినేసి పడిన చిల్లు అయితే మాత్రం మార్చడమే మేలు. బయటికి కనిపించే చిల్లు తుప్పుకు ఆరంభం కాదు. చాలా ఏళ్లుగా లోపల సాగుతున్న పని చివరికి బయటపడిన చోటు అది. ఇంత ఖచ్చితంగా ఎందుకు చెబుతున్నానో అర్థం కావాలంటే బండి బరువంతా మోసే ఉక్కు చట్రమైన ఛాసిస్‌లో దూలాన్ని గొట్టంలా ఎందుకు మూస్తారో ముందు చూడాలి. నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునే విషయం కూడా అదే.

నిచ్చెన ఆకారపు ఛాసిస్ సంగతి చాలామందికి తెలిసిందే: ముందు నుంచి వెనక వరకూ రెండు దూలాలు, వాటిని కలుపుతూ క్రాస్ మెంబర్లనే అడ్డు దూలాలు. చదునైన రోడ్డు మీద ఈ దూలాలకు ప్రధానంగా వంపును తట్టుకోవడమే పని. రాళ్లూ గుంతలూ ఉన్న దారిలో ఒక ముందు చక్రం బండరాయి ఎక్కి, దానికి ఐమూలగా ఉన్న వెనక చక్రం కూడా ఎత్తు మీదే నిలిచి, మిగిలిన రెండు చక్రాలు గుంతల్లోకి దిగినప్పుడు, ఛాసిస్ ముందు భాగం ఒకవైపుకు, వెనక భాగం మరోవైపుకు తిరగాలని చూస్తాయి. అంటే తడిబట్టను పిండినట్టు మొత్తం నిచ్చెన మెలితిరుగుతుంది. ఈ మెలిని తట్టుకునే శక్తి దూలంలో ఎంత ఉక్కు ఉందన్నదాని కంటే ఆ ఉక్కు ఏ ఆకారంలో ఉందన్నదాని మీద ఎన్నో రెట్లు ఎక్కువగా ఆధారపడుతుంది.

ఒక అట్ట గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని మెలితిప్పి చూడండి, అది లొంగదు. ఇప్పుడు దాన్ని కత్తెరతో ఒక అంచు నుంచి రెండో అంచు దాకా నిలువునా చీల్చి మళ్లీ తిప్పండి. అట్ట గ్రాము కూడా తగ్గలేదు, అయినా చీలిక పెదవులు ఒకదాని పక్క నుంచి ఒకటి జారిపోయి గొట్టం ఇట్టే తిరిగిపోతుంది. మూసిన గొట్టంలో మెలిని ఎదిరించే బలం గోడల వెంట చుట్టూ ఆగకుండా ప్రవహించి మొదలైన చోటికే తిరిగి వస్తుంది. ఎదురెదురు గోడల్లో వ్యతిరేక దిశల్లో పనిచేసే ఆ బలాల మధ్య గొట్టం వెడల్పంత దూరం ఉంటుంది కనుక వాటికి పట్టు ఎక్కువ. గొట్టం చీలితే ఆ ప్రవాహానికి చుట్టూ తిరిగే దారి తెగిపోతుంది. అప్పుడది గోడ మందంలోనే ఒక ముఖం వెంట వెళ్లి రెండో ముఖం వెంట వెనక్కి రావాలి. అలా వ్యతిరేక దిశల్లో పనిచేసే బలాల మధ్య దూరం రెండు మూడు మిల్లీమీటర్లకు పడిపోతుంది.

దీన్ని లెక్కలో పెట్టినవాడు జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ బ్రెట్. 1896 నాటి ఆయన సూత్రాన్నే నేటికీ వాడుతున్నాం. 100 మి.మీ. ఎత్తు, 50 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందపు గోడలు ఉన్న పెట్టె దూలాన్ని తీసుకుందాం. గోడ చుట్టిన వైశాల్యం 5,000 చదరపు మి.మీ., చుట్టుకొలత 300 మి.మీ. వైశాల్యపు వర్గాన్ని నాలుగుతో గుణించి, చుట్టుకొలతను మందంతో భాగించగా వచ్చిన 100తో దాన్ని భాగిస్తే, మెలికి లొంగని బిగువును కొలిచే స్థిరాంకం మి.మీ. నాలుగో ఘాతంలో 10,00,000 వస్తుంది. అదే పెట్టెను పొడవునా చీలిస్తే చుట్టుకొలతను మందపు ఘనంతో గుణించి మూడుతో భాగించాలి: 2,700. ఉక్కు అంతే ఉన్నా బిగువు సుమారు 370 రెట్లు తగ్గింది. ఇంకో విశేషం కూడా ఉంది. మూసిన పెట్టెలో గోడ మందాన్ని రెట్టింపు చేస్తే బిగువు రెట్టింపే అవుతుంది. మందాన్ని మార్చకుండా పెట్టె ఎత్తునూ వెడల్పునూ రెట్టింపు చేస్తే మాత్రం ఎనిమిది రెట్లు అవుతుంది. అందుకే తయారీదారులకు పలుచని గోడల పెద్ద పెట్టెలంటే మక్కువ. ఆ పలుచని గోడ నుంచి తుప్పు లోపలివైపున ఒక మిల్లీమీటరు తినేస్తే మెలిని తట్టుకునే బిగువులో మూడో వంతు పోయినట్టే.

భారీ లారీల ఛాసిస్ మాత్రం చాలావరకు ఒకవైపు తెరిచి ఉన్న, ఆంగ్ల అక్షరం ‘సి’ ఆకారపు దూలాలతోనే ఉంటుంది. అక్కడ ఉద్దేశం వేరు: ఛాసిస్ కొంత మెలితిరగాలనే వాళ్లు కోరుకుంటారు. తెరిచిన దూలానికి తుప్పు పడితే కంటికి కనిపిస్తుంది, నీరు నిలవదు, బ్రష్షు చేరుతుంది. మూసిన పెట్టెకు ఈ సౌకర్యాలేవీ లేవు.

పెట్టె లోపల ఏం జరుగుతుందో చెప్పే ముందు మన పాఠాల గురించి ఒక మాట. ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు అని పిల్లలకు చెప్పి ఊరుకుంటాం. దానితో ఆక్సిజన్ ఎక్కువ తగిలేచోటే ఇనుము ఎక్కువ తరుగుతుందనే అభిప్రాయం మనసులో నాటుకుపోతుంది. నిజం దాదాపు దీనికి తలకిందులు. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త యూలిక్ ఎవాన్స్ పేరుతో పిలిచే ఉప్పునీటి చుక్క ప్రయోగం దీన్ని కళ్లకు కట్టిస్తుంది. పొటాషియం ఫెర్రిసయనైడ్, ఫినాఫ్తలీన్ అనే రంగుసూచికలు కలిపిన ఉప్పునీటి చుక్కను మెరుగుపెట్టిన ఉక్కు పలక మీద వేస్తే, కాసేపటికి గాలికి దగ్గరగా ఉన్న అంచు గులాబీ రంగుకు, ఆక్సిజన్ అందని మధ్యభాగం నీలి రంగుకు తిరుగుతాయి. నీలం కనిపించిన చోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి నీటిలో కరుగుతోంది. ఆ ఎలక్ట్రాన్లు ఉక్కు గుండా అంచుకు చేరి, అక్కడ ఆక్సిజన్‌తోనూ నీటితోనూ కలిసి, గులాబీ రంగు తెప్పించే హైడ్రాక్సైడ్‌ను పుట్టిస్తున్నాయి. ఆక్సిజన్ దొరికే చోటు కాథోడ్, దొరకని చోటు ఆనోడ్, కరిగిపోయేది ఆనోడే. పాఠశాల ప్రయోగశాలలో కొద్ది నిమిషాల్లో చూపించగల ఈ ప్రయోగాన్ని ప్రతి విద్యార్థీ చూడాలని నా కోరిక.

ఇప్పుడు పెట్టె దూలంలోకి వెళ్దాం. చక్రాలు చిమ్మిన బురద దూలంలో ఉన్న రంధ్రాల గుండా లోపలికి చేరి అడుగున పేరుకుంటుంది. బురద పైపొరకు గాలి తగులుతుంది, అడుగుపొరకు తగలదు. అందువల్ల బురద కింద దాగిన ఉక్కే ఆనోడ్ అవుతుంది. మంచు కరిగించడానికి రోడ్లపై ఉప్పు చల్లే దేశాల్లో ఆ ఉప్పు తడికి విద్యుత్ వాహకతను పెంచి ఈ పనిని మరింత వేగవంతం చేస్తుంది. పుట్టిన తుప్పు, అది తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమించి, అతుకుల్లో ఇరుక్కుని రేకులను విడదీస్తుంది. చిల్లు మీద వేసే రేకు కూడా ఇందుకే దగాచేస్తుంది: పాత గోడకూ కొత్త రేకుకూ మధ్య మిగిలే సన్నని సందు, ఆక్సిజన్ అందక తడి నిలిచే చోటు. కొన్నేళ్లకు రేకు అంచునే కొత్త చిల్లు పడుతుంది. అడుగు అతుకు వెంట తుప్పు నిలువుగా సాగితే అది మన అట్ట గొట్టపు చీలికే. దాని రెండు చివర్లా మూసి ఉన్న భాగాలు పెదవులను కొంత పట్టి ఉంచుతాయి కనుక బిగువు 370 రెట్లు పడిపోదు గాని, లోహం లోపల పుట్టే ఒత్తిడి, అంటే ప్రతిబలం, ఆ చివర్లలో గుమిగూడి పగుళ్లకు దారితీస్తుంది. పాతకాలపు ఇనుము గట్టిదనీ దానికి ఏమీ కాదనీ చాలామంది నమ్ముతారు. మందంగా ఉంటే ఎక్కువ కాలం నిలుస్తుందన్న మాట నిజమే కాని, తడి బురద కింద ఏ కాలపు మామూలు ఉక్కుకూ మినహాయింపు లేదు.

ఛాసిస్ మార్పిడికి బాగా పేరుపడిన బండి బ్రిటన్‌కు చెందిన ల్యాండ్ రోవర్. 1948 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ మోటారు ప్రదర్శనలో దాన్ని తొలిసారి చూపించారు. యుద్ధానంతరం ఉక్కుకు కొరత, నియంత్రణ ఉండటంతో పైభాగపు రేకులను అల్యూమినియం మిశ్రమంతో చేసి, ఛాసిస్‌ను మాత్రం ఉక్కు పలకలను పెట్టెలా వెల్డింగ్ చేసి తయారుచేశారు. ఫలితంగా దశాబ్దాల తర్వాత బాడీ నిలిచి ఉంటుంది, కింద ఛాసిస్ పోతుంది. కొత్త బండ్లకూ ఈ బెడద తప్పలేదు: అమెరికాలో టకోమా, టండ్రా, సెకోయా బండ్ల ఛాసిస్‌లు తుప్పు పడుతున్నాయన్న దావాలో 2016లో టయోటా కుదుర్చుకున్న ఒప్పందం విలువను 340 కోట్ల డాలర్ల దాకా అంచనా వేశారు.

మారు ఛాసిస్‌ను ఎంచుకునేటప్పుడు రంగు వేసినదాని కంటే జింక్‌లో ముంచి గాల్వనైజ్ చేసినదాన్నే నేను సిఫారసు చేస్తాను. రంగు పిచికారీ పెట్టె లోపలి మూలలకు చేరదు. సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవంగా ఉన్న జింక్ చేరుతుంది. ఆమ్లంలో శుభ్రపరిచిన ఛాసిస్‌ను అందులో ముంచగానే ఇనుమూ జింకూ కలిసి గామా, డెల్టా, జీటా అనే మిశ్రమ పొరలు ఏర్పడి, వాటిపైన శుద్ధ జింక్ పొర నిలుస్తుంది. 3 నుంచి 6 మి.మీ. ఉక్కు మీద ఈ పూత సగటున కనీసం 70 మైక్రోమీటర్లు ఉండాలని ఐఎస్ఓ 1461 అనే అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. గీత పడి ఉక్కు బయటపడినా, ఇనుము కంటే సులభంగా ఎలక్ట్రాన్లను వదిలే జింక్ తానే ఆనోడ్‌గా మారి ఉక్కును కాథోడ్‌గా ఉంచుతుంది. ఎవాన్స్ చుక్కలో ఇనుమును కరిగించిన సూత్రమే ఇక్కడ దాన్ని కాపాడుతోంది.

అయితే జింక్ లోపలికి వెళ్లాలంటే గాలి బయటికి రావాలి. అందుకే దూలాల చివర్లలోనూ మూలల్లోనూ రంధ్రాలు ఉంచుతారు. పూర్తిగా మూసుకుపోయిన గదిలో తడి చిక్కుకుంటే అది ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది. బ్రాకెట్లన్నిటినీ పూత వేయకముందే వెల్డింగ్ చేయించాలి. 907 డిగ్రీల దగ్గర మరిగే జింక్, వెల్డింగ్ వేడికి పొగగా లేచి పనివాడికి జ్వరం తెప్పిస్తుంది. ఆ చోట పూతా కాలిపోతుంది.

బిగింపులో ముందుగా చేయాల్సింది కొలత. కొత్త ఛాసిస్ మీద ఎదురెదురు మూలల మధ్య రెండు ఐమూల కొలతలూ సమానంగా ఉన్నాయో లేదో చూడాలి. జింక్ తొట్టి వేడికి వెల్డింగ్‌లో దాగిన ప్రతిబలాలు సడలి దూలం కాస్త వంగే అవకాశం ఉంది. నట్లలో గడ్డకట్టిన జింక్‌ను, మరలు కోసే ట్యాప్ అనే పనిముట్టుతో తీయాలి. లీఫ్ స్ప్రింగుల (పట్టీల స్ప్రింగుల) చివర్లలోని రబ్బరు తొడుగులైన బుష్‌ల బోల్టులను, బండి బరువంతా చక్రాల మీద నిలిచాకే పూర్తిగా బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండిని దించిన క్షణం నుంచి రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరిగిపోతుంది. ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఎర్త్ పట్టీని, పూత గీకి శుభ్రంచేసిన లోహం మీద బిగించి, పైన గ్రీజు పూయాలి. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కనుక, ఈ పట్టీ లేకపోతే స్టార్టరు లాగే వందల ఆంపియర్ల విద్యుత్తు యాక్సిలరేటరు కేబులు గుండానో హ్యాండ్‌బ్రేక్ కేబులు గుండానో తిరుగుదారి వెతుక్కుంటుంది. తాళం తిప్పినప్పుడు కేబులు తొడుగు నుంచి పొగ వస్తే ముందుగా చూడవలసింది ఆ పట్టీనే.