ఆర్ట్స్ కాలేజీ గురించి అపోహలు, అసలు సంగతులు

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ దగ్గర హెరిటేజ్ వాక్‌లు చేయించడం నా పని. ఏ బ్యాచ్ వచ్చినా అవే నాలుగైదు మాటలు వినిపిస్తాయి, అక్కడే చదువుకున్నవాళ్ళ నోటి నుంచి కూడా. వాటి సంగతి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: 1918లో ఈ భవనం కట్టి యూనివర్సిటీ మొదలుపెట్టారు.

కాదు. యూనివర్సిటీకీ ఈ భవనానికీ మధ్య ఇరవై ఏళ్ళ తేడా ఉంది. క్లాసులు 1919లో బషీర్‌బాగ్ వైపు, నిజాం కాలేజీ పక్కన 225 మంది విద్యార్థులతో మొదలయ్యాయి. పక్కనే ఉన్నా నిజాం కాలేజీ అప్పట్లో మద్రాసు యూనివర్సిటీ కింద ఉండేది, ఉస్మానియాలో కలిసింది 1947లో. క్యాంపస్‌కి చోటు వెతికే పనిలో స్కాట్లాండ్‌కి చెందిన నగర ప్రణాళికా నిపుణుడు పాట్రిక్ గెడెస్ సలహా కూడా తీసుకున్నారు, చివరికి అడిక్‌మెట్ ఖాయమైంది. ఆర్ట్స్ కాలేజీకి 1934 జూలై 5న శంకుస్థాపన చేసి, 1939 డిసెంబర్ 4న ప్రారంభించారు.

ఈ తేదీలు గుర్తుంటే ఇంకో మాట కూడా దానంతటదే తేలిపోతుంది. వందేమాతరం ఉద్యమం ఈ మెట్ల మీదే పుట్టిందని చాలామంది నమ్ముతారు, కానీ ఆ పాట పాడినందుకు విద్యార్థుల్ని బయటికి పంపింది 1938లో, అంటే ఈ భవనం ఇంకా తెరవకముందే. ఆ పోరాటం నడిచింది హాస్టళ్ళలో. బయటికి పంపినవాళ్ళలో చాలామందిని నాగ్‌పూర్ యూనివర్సిటీ చేర్చుకుంది. ఆ పిల్లల ధైర్యాన్ని తలుచుకునేటప్పుడు చోటు కూడా సరిగ్గా చెప్పాలి కదా.

అపోహ: ఈ స్థలం నిజాంల కాలం నాటి కవయిత్రి మహలఖా బాయి యూనివర్సిటీకి దానం చేసింది.

అడిక్‌మెట్ ఆమె జాగీరన్నది నిజమే, క్యాంపస్‌లో ఆమె పేరు మీద మెట్లబావి కూడా ఉంది. కానీ ఆమె చనిపోయింది 1824లో. పుట్టని యూనివర్సిటీకి ఎవరైనా ఎలా దానం చేస్తారు? ఆమె గొప్ప కవయిత్రి, ఆ గౌరవానికి ఈ కథ అవసరం లేదు. మౌలాలి గుట్ట కింద ఆమె సమాధి ఉంది, వీలైతే చూసి రండి.

అపోహ: అంతా ఒక్క విదేశీ ఆర్కిటెక్ట్ గీసిందే.

ఆ ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్ బెల్జియం ఆయన, అంతకుముందు కైరోలో పనిచేశాడు. కానీ ఇక్కడివాళ్ళు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా ముందుగా దేశదేశాలు తిరిగి అక్కడి యూనివర్సిటీలు చూసొచ్చారు, ఆ ప్రయాణంలోనే జాస్పర్ పరిచయమయ్యాడు. స్తంభాల దగ్గర నిలబడితే అజంతా, ఎల్లోరా గుర్తొస్తాయి, తలెత్తితే మసీదుల్లో చూసే కమాను కనిపిస్తుంది. వాక్‌లో నేను ఎక్కువసేపు ఆగేది అక్కడే.

అపోహ: గులాబీ రంగు వేశారు, లేదా రాయి బయటి నుంచి తెచ్చారు.

అది మన చుట్టుపక్కల గుట్టల్లో దొరికే గ్రానైటే, దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి. గోడకి బాగా దగ్గరగా వెళ్ళి చూడండి: గులాబీగా కనిపించేది ఫెల్డ్‌స్పార్, గాజుముక్కలా మెరిసేది క్వార్ట్జ్, నల్ల చుక్కలు అభ్రకం లాంటి ఖనిజాలు. ఇంత అందమైన రాయి మీద పేర్లు గీకేవాళ్ళని చూస్తే నాకు నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: ఉస్మానియాలో అప్పట్లో చదువు ఉర్దూ మీడియం కాబట్టి ఇంగ్లీషూ తెలుగూ లేవు.

ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టు. తెలుగు శాఖలో రాయప్రోలు సుబ్బారావు గారు ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పారు. అలాగని తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లవాడికి సైన్సు ఉర్దూలో చదవడం తేలిక అయిందని నేను అనను. ఎంతోమంది తెలుగు పిల్లలు ఆ కష్టం పడే పైకొచ్చారు.

చూడాలనుకునేవాళ్ళు సాయంత్రం ఐదు దాటాక రండి, ఎండ ఏటవాలుగా పడి రాయి రంగు మారే సమయం అది. నీళ్ళ బాటిల్ తెచ్చుకోండి, ఖాళీది మాత్రం అక్కడ వదలొద్దు.