తప్పు మొహానిది కాదు: పోర్ట్రెయిట్ ఫొటోగ్రఫీలో అపోహలు - వాస్తవాలు

స్టూడియోలోకి అడుగుపెడుతూనే చాలామంది అనే మొదటి మాట: "ముందే చెప్తున్నానండీ, నేను ఫొటోల్లో బాగా పడను." మోడల్స్‌ని, పసిపిల్లల్ని, తాతల నుంచి మనవల దాకా కుటుంబాలకు కుటుంబాల్ని ఫొటోలు తీయడమే నా పని. ఫొటో బాగా రాకపోతే జనం ముందుగా మొహాన్ని తిట్టుకుంటారు. నేను చూసినంతలో దోషం ఎక్కువసార్లు కెమెరా ఉన్న దూరంలోనో, వెలుతురు పడ్డ తీరులోనో, తీసేవాళ్ల తొందరలోనో ఉంటుంది.

అపోహ: ఫొటోజెనిక్‌గా ఉండటం పుట్టుకతో రావాలి.

వాస్తవం: ఈ నమ్మకానికి సగం కారణం అద్దం. రోజూ మనం చూసుకునేది కుడి ఎడమలు తారుమారైన మొహాన్ని. ఫొటోలో పాపిడి, పుట్టుమచ్చ, కాస్త పైకి ఉన్న కనుబొమ్మ అన్నీ అటువి ఇటు వచ్చేస్తాయి. మీటా, డెర్మర్, నైట్ అనే అమెరికన్ పరిశోధకులు 1977లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. కొందరికి వాళ్ల ఫొటోనే మామూలుగా ఒకటి, అద్దంలోలా తిప్పింది ఒకటి చూపించారు. ఎక్కువమంది తిప్పినదాన్నే ఇష్టపడ్డారు. వాళ్ల స్నేహితులేమో మామూలు ఫొటోనే బాగుందన్నారు. ఇంట్లోవాళ్లంతా మెచ్చుకున్న ఫొటోని మీరు డిలీట్ చేయమనడం ఇందుకే.

మిగతా సగం దూరం. సెల్ఫీలో ఫోను చేతి పొడవు దూరంలోనే ఉంటుంది. ముక్కు కొస దానికి దగ్గర, చెవులు దూరం. అంత దగ్గర్లో ఆ కొన్ని సెంటీమీటర్ల తేడాకే ముక్కు ఉబ్బినట్టు, చెవులు వెనక్కి జారినట్టు కనిపిస్తాయి. రెండు మీటర్లు వెనక్కి వెళ్లి తీస్తే అదే ముక్కు కుదురుగా ఉంటుంది. 85 ఎంఎం లెన్సు వాడితే మొహం బాగా వస్తుందనేది కూడా ఇందులోంచి పుట్టిందే. ఆ లెన్సుతో మొహమంతా ఫ్రేములో పట్టాలంటే మనం వెనక్కి జరగక తప్పదు. మొహాన్ని చక్కబెట్టేది ఆ జరగడమే.

అపోహ: మోడల్స్‌ని తీయడానికి ఏముంది, ఎలా నిలబడ్డా బాగుంటారు.

వాస్తవం: వాళ్లతో పని సులువే, కానీ అందం వల్ల కాదు. మంచి మోడల్ ఒక్కచోట బిగుసుకుపోదు. క్లిక్‌కీ క్లిక్‌కీ మధ్య గడ్డం కొంచెం తిప్పుతుంది, బరువు వెనక కాలి మీదికి మారుస్తుంది, లైటు ఎటునుంచి వస్తోందో చూసుకుని మొహం అటు పెడుతుంది. అనుభవం చేతుల్లో తెలిసిపోతుంది. కొత్తవాళ్లు పిడికిలి బిగిస్తారు, లేదా అరచేయి మొత్తం కెమెరాకి చూపిస్తారు. బాగా చేసినవాళ్లు చిటికెన వేలి వైపు అంచు మాత్రమే కనపడేలా చేతిని వదులుగా ఉంచుతారు.

వాళ్లతో చిక్కల్లా, అలవాటైన నాలుగు ఎక్స్‌ప్రెషన్లు వరసగా వచ్చేస్తాయి. వాటిని దాటించడానికి 1950ల్లో ఫిలిప్ హాల్స్‌మన్ అనే ఫొటోగ్రాఫర్ ఒక ఉపాయం చేసేవాడు. ఎంతటివాళ్లనైనా గాల్లోకి ఎగరమనేవాడు. హాలీవుడ్ నటి మార్లిన్ మన్రో ఎగిరింది, అమెరికా రాజకీయ నాయకుడు రిచర్డ్ నిక్సన్ కూడా ఎగిరాడు. ధ్యాసంతా ఎగరడం మీద ఉంటే మొహాన్ని అదుపులో పెట్టుకోవడం మర్చిపోతారని ఆయన లెక్క. నేను ఎగరమనను. "బ్రేక్ తీసుకుందాం" అంటాను, కెమెరా మాత్రం దించను.

అపోహ: చామనఛాయ, నల్లటి మొహాలు ఫొటోలో సరిగ్గా రావు.

వాస్తవం: వింటే నాకు ఒళ్లు మండే మాట ఇది. కెమెరాలో వెలుతురు కొలిచే మామూలు మీటరుకి మొహమూ తెలియదు, గోడా తెలియదు. దేన్ని చూసినా మధ్యస్థమైన బూడిద రంగుకి తేవాలని చూస్తుంది. వెనక తెల్లగోడ ఉంటే వెలుగు ఎక్కువైందనుకుని ఫొటో మొత్తాన్ని తగ్గిస్తుంది. మొహం చీకట్లో పడుతుంది. నింద మాత్రం చర్మం మీదికి వస్తుంది.

ఈ నిందకి చరిత్ర కూడా ఉంది. ఫిల్ము రోజుల్లో ప్రింట్ల రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ ల్యాబులకు నమూనా కార్డులు పంపేది. వాటి మీద ఉండేది తెల్లజాతి యువతి ఫొటో. షర్లీ కార్డులనేవారు. అంటే సరైన రంగు అంటే ఆ అమ్మాయి రంగు! రకరకాల చర్మ ఛాయలున్న కార్డులు 1990ల్లో గానీ రాలేదు.

నల్లటి చర్మానికి లైటు ఎక్కువ పోయడం కాదు, పెద్ద లైటుని పక్కనుంచి పడనివ్వడం ముఖ్యం. కిటికీ అయినా సరే, స్టూడియో లైటు ముందు తెల్లగుడ్డ ఉండే సాఫ్ట్‌బాక్స్ అయినా సరే. చెంప ఎముక మీద, ముక్కు దూలం మీద, భుజం మీద ఆ వెలుగు నున్నగా మెరుస్తుంది. ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి ఎంత వెలుగు రావాలన్నది, మొహం మీద కొలుచుకోవాలి. తీశాక సాఫ్ట్‌వేర్‌లో "కాస్త తెల్లగా చేయండి" అంటే ముందు పోయేది ఆ మెరుపే. మిగిలేది బూడిద పూసినట్టున్న మొహం.

అపోహ: ఫ్లాష్ పడితే పసిపిల్లల చూపు దెబ్బతింటుంది.

వాస్తవం: మామూలు కెమెరా ఫ్లాష్‌తో అలా జరుగుతుందనడానికి ఆధారం లేదు. అయినా పసికందులకి నేను కిటికీ వెలుతురే వాడతాను. ఉలిక్కిపడి లేచారంటే మళ్లీ నిద్రపుచ్చడానికి గంట పట్టొచ్చు!

ఫ్లాష్ గురించి తల్లిదండ్రులకి తెలియాల్సింది ఇంకొకటుంది. కంటి వెనక పొరలోని రక్తనాళాల మీద పడి వెనక్కొచ్చే వెలుగు వల్ల ఫొటోలో కళ్లు ఎర్రగా పడతాయి, అది మామూలే. ఒక కన్ను ఎర్రగా, రెండోది తెల్లగానో పసుపుగానో పడితే మాత్రం పిల్లని కంటి డాక్టరుకి చూపించండి. చాలాసార్లు అది కోణం వల్లే అయి ఉండొచ్చు. కానీ రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ బయటపడే దారుల్లో ఇదొకటి.

పసికందు రెండు చేతుల మీద గడ్డం ఆనించి నిద్రపోయే ఫొటోలు చూసే ఉంటారు. బిడ్డ అలా పడుకోదు, పడుకోబెట్టనూ కూడదు. ఒక ఫొటోలో అమ్మ వేళ్లు తలని పైనుంచి పట్టుకుని ఉంటాయి, ఇంకోదాంట్లో మణికట్లని. రెండూ కలిపి వేళ్లని చెరిపేస్తారు. ఇంట్లో దిండు వేసి ప్రయత్నించకండి.

అపోహ: పిల్లల్ని ఎలాగోలా నవ్వించాలి.

వాస్తవం: "నవ్వు కన్నా, నవ్వు" అంటే పళ్లికిలిస్తారు. నిజమైన నవ్వులో పెదాలతో పాటు కంటి చుట్టూ ఉండే కండరం కూడా బిగుస్తుందని, దాన్ని కావాలని బిగించడం కష్టమని డ్యూషెన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1862లోనే రాశాడు. నా వెనక నలుగురు పెద్దవాళ్లు నిలబడి ఒకరు చప్పట్లు, ఒకరు గిలక, ఒకరు ఈలలు వేస్తుంటారు. పిల్లాడు ఆ నలుగుర్నీ వంతులవారీగా చూస్తాడు, లెన్సుని తప్ప. నేను ముగ్గుర్ని బయటికి పంపేసి, వాళ్లమ్మని మాత్రం చెంప లెన్సుకి ఆనేంత దగ్గరగా కూర్చోబెడతాను. నేను నేల మీద కూర్చుంటాను. షట్టర్ సెకనులో 500వ వంతుకి పెట్టుకుని, "నవ్వావంటే ఊరుకోను" అని బెదిరిస్తాను. మూడేళ్లు దాటినవాళ్లలో దీనికి లొంగనివాళ్లు తక్కువ. నిద్రవేళకి తీసుకొచ్చి "మా వాడు మాట వినడు" అనేవాళ్లకి మాత్రం నా దగ్గర మందు లేదు.

అపోహ: బ్యాక్‌గ్రౌండ్ ఎంత బ్లర్ అయితే ఫొటో అంత ప్రొఫెషనల్.

వాస్తవం: 85 ఎంఎం లెన్సుని ఎఫ్ 1.4లో పెట్టి, అంటే లెన్సు రంధ్రాన్ని బాగా తెరిచి, మీటరున్నర దూరం నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే మందం సుమారు రెండున్నర సెంటీమీటర్లే. ఒక్కరున్నప్పుడే తల కాస్త తిప్పితే రెండో కన్ను అలుక్కుపోతుంది. రెండు వరసల కుటుంబానికి నేను ఆ రంధ్రాన్ని చిన్నది చేస్తూ ఎఫ్ 8 దాకా వెళ్తాను.

గ్రూపు ఫొటో ఒక్కటి తీస్తే చాలుననుకోవడం ఇంకో భ్రమ. ఎవరో ఒకరు కళ్లు మూస్తారు. దీని మీద లెక్క కట్టిన ఇద్దరు ఆస్ట్రేలియన్లకి 2006లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి అది. 20 మంది లోపు గుంపుకి, వెలుతురు బాగుంటే మనుషుల సంఖ్యని మూడుతో భాగించాలి, వెలుతురు తక్కువైతే రెండుతో. పన్నెండు మందికి నాలుగో, ఆరో ఫొటోలన్నమాట. నేను ఇంకో రెండు ఎక్కువే తీస్తాను, అదీ ట్రైపాడ్ మీద. కెమెరా కదలకుండా ఉంటే, కళ్లు మూసిన బాబాయి తలని పక్క ఫ్రేములోంచి తెచ్చి అతికించడం ఐదు నిమిషాల పని.